ఏ కాలి గీత ఆ కాలిదే

కీళ్ల కథ: ధారావాహిక, 9వ భాగం

పోయిన సంచికలో బెర్లిన్ దగ్గర ఆగాం. 1890లో థెమిస్టోక్లిస్ గ్లుక్ అనే శస్త్రవైద్యుడు క్షయ పట్టి పాడైన మోకీలును తీసేసి, దాని చోట ఏనుగుదంతంతో చేసిన మడతబందు బిగించాడు. మొదట్లో కాలు మడిచి చాపగలిగినా తర్వాత చీము పట్టి ఆ ప్రయత్నాలు విఫలమయ్యాయి. వరస ప్రకారం ఇప్పుడు న్యూయార్క్ వెళ్లాలి. దానికి ముందు పాఠకులను ఇబ్రహీంపట్నం తీసుకెళ్తాను. కృత్రిమ మోకీలు ఎలా తయారైందో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. అది ఎలాంటి కాళ్లలోకి వెళ్లాల్సి వచ్చిందో చెప్పేవాళ్లు తక్కువ. ఆ కాళ్ల చరిత్ర మన ఇంటి పక్కనే ఉంది.

హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ వెళ్లే రోడ్డు మీద సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది ఇబ్రహీంపట్నం. 1550 నుంచి 1580 దాకా గోలకొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా పేరు మీద వెలసిన ఊరు. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న రాజు ఆయనే. ఊరి పెద్దచెరువు కూడా ఆ కాలానిదే. ఆ చెరువు నీళ్లు వాననీళ్లు. వాగుల్లోంచి పారి వచ్చి, ఎండకు కాగి, పొలాలకు పోయే నీళ్లు. బోరు నీళ్ల సంగతి వేరు. ఇబ్రహీంపట్నం దాటి యాచారం, మంచాల మీదుగా మర్రిగూడ వైపు పోతే నేల కింద అంతా గ్రానైటు రాయి. ఆ రాయిలో ఫ్లోరైడు ఉన్న ఖనిజాలు ఉంటాయి. నెర్రెల్లో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లు ఆ ఫ్లోరైడును కరిగించుకుంటాయి. చెరువులు పూడి, బావులు ఎండి, బోర్లు లోతుకు దిగినకొద్దీ జనం రాయిలో ఊరిన నీళ్లు తాగారు. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఈ నేలలో ఆ హద్దును చాలా రెట్లు దాటిన బావులు ఉండేవి.

ఫ్లోరైడు మితిమీరితే వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును తెలుగు నేల మీద మొదట కనిపెట్టింది డాక్టర్లు కాదు, రైతులు. పాత నెల్లూరు జిల్లాలో దర్శి, పొదిలి, కనిగిరి వైపు ఎడ్లు కాళ్లు బిగుసుకుపోయి దుక్కికి పనికిరాకుండా పోవడం వాళ్ల కంటబడింది. మనుషుల్లోనూ అదే జబ్బు ఉందని 1937లో మద్రాసు ప్రెసిడెన్సీ వైద్యులు షార్ట్, ఆయన సహచరులు వైద్య పత్రికల్లో రాశారు. 1945లో దావర్ అనే వైద్యుడు నిజాం రాజ్యంలోని ఫ్లోరోసిస్ గురించి ప్రత్యేకంగా రాశాడు. 1955లో ఎ.హెచ్. సిద్దిఖీ నల్గొండ జిల్లా రోగులను పరీక్షించి చూసిన సంగతులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. ఎముక బరువెక్కుతుంది, గట్టిపడుతుంది, అయినా పెళుసవుతుంది. కీళ్లను పట్టి ఉంచే నరాల్లాంటి కట్లు కూడా ఎముకగా మారతాయి. మెడ తిరగదు, నడుము వంగదు, పెరిగిన ఎముక వెన్నుపామును నొక్కితే కాళ్లు చచ్చుబడతాయి. నల్గొండ పేరు ప్రపంచ వైద్య గ్రంథాలకెక్కింది ఇలా. అక్కడే పరీక్షించి, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్ల నుంచి ఫ్లోరైడును తీసే పద్ధతిని నాగపూర్ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవాళ్లు రూపొందించారు. 1975లో దాన్ని వాళ్లు ‘నల్గొండ పద్ధతి’ అన్న పేరుతోనే ప్రచురించారు.

మన కథకు అసలు మలుపు 1973లో వచ్చింది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసే కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి (ఆమె తర్వాత ఆ సంస్థకు డైరెక్టరయ్యారు) ఆంధ్రప్రదేశ్‌లోని ఫ్లోరోసిస్ ప్రాంతాల్లో ఎదిగే వయసువాళ్ల కాళ్లు చూశారు. నిలబడితే రెండు మోకాళ్లూ ఒరుసుకుంటున్నాయి, పాదాలు మాత్రం ఎడమెడంగా పక్కలకు పోతున్నాయి. పాత ఫ్లోరోసిస్‌లో ఎముక గట్టిపడేది, ఈ కాళ్లలో కొన్నిచోట్ల ఎముక పలచబడింది కూడా. లాన్సెట్ పత్రికలో వాళ్లు ఈ విషయం రాశారు. తర్వాత మరో ప్రశ్న వేసుకున్నారు: ఇంతకుముందు లేని ఈ వంకర ఇప్పుడెందుకు వచ్చింది? నాగార్జునసాగర్ జలాశయం 1967లో మొదలయ్యాక చుట్టుపక్కల భూగర్భజలం పైకి వచ్చింది. దానితో నేలలో, అక్కడ పండిన జొన్నల్లో మాలిబ్డినం లాంటి ధాతువులు పెరిగి, ఒంట్లో రాగి నిలవకుండా పోతోందా అని వాళ్లు అనుమానించారు. ఆ అనుమానం మీద తర్వాత చాలా చర్చ నడిచింది. దాని తుది మాట ఏదైనా, ఆ ఇద్దరూ చూసిన చూపు నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది. పిల్లవాడి మోకాలును చూసి ఊరి నీళ్లను, ఆనకట్టను, కంచంలోని రొట్టెను ఒక్కచోట కలిపి ఆలోచించారు.

ఆనాడు పన్నెండేళ్లున్న పిల్లలకు ఇప్పుడు అరవై దాటింది. మోకీలు మార్పిడికి ఎక్కువమంది వచ్చే వయసు అదే. ఈ భాగంలో మిగతా కథంతా ఈ ఒక్క లెక్క చుట్టూ తిరుగుతుంది.

మోకాలు ఎందుకు అరుగుతుందో తెలియాలంటే కాలి గీత తెలియాలి. తుంటి గిన్నెలో తిరిగే గుండు మధ్య నుంచి చీలమండ మధ్య దాకా ఒక గీత గీసుకోండి. మేస్త్రీ గోడ పక్కన వేలాడదీసే గుండుదారం లాంటిది ఇది. ఒంటి బరువు దిగే దారి. గీత మోకాలి మధ్య నుంచి పోతే బరువు లోపలి వైపూ బయటి వైపూ దాదాపు సమంగా పడుతుంది. కాళ్లు విల్లులా బయటికి వంగినవాళ్లలో గీత లోపలికి జరుగుతుంది, లోపలి వైపు గుజ్జు ముందు పోతుంది. మోకాళ్లు ఒరుసుకునేవాళ్లలో బయటి వైపు ముందు పోతుంది. అరిగినకొద్దీ వంకర పెరుగుతుంది, వంకర పెరిగినకొద్దీ అరుగుదల పెరుగుతుంది. నాట్లకు వంగి, కలుపుకు గొంతుకూర్చుని, బిందెలెత్తి బతికిన ఆడవాళ్ల మోకాళ్లలో ఈ చక్రం మరీ వేగంగా తిరుగుతుంది.

ఇప్పుడు న్యూయార్క్. 1974లో అక్కడి హాస్పిటల్ ఫర్ స్పెషల్ సర్జరీలో జాన్ ఇన్సాల్, పీటర్ వాకర్, మన దేశం నుంచి వెళ్లిన చిత్తరంజన్ రణావత్ కలిసి ‘టోటల్ కాండిలర్’ అనే మోకీలును వాడుకలోకి తెచ్చారు. అంతకు ముందు ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ తుంటికి లోహం, ప్లాస్టిక్, సిమెంటు కలిపి కీలు చేసి చూపించాడు. ఆయన దగ్గర పనిచేసిన ఫ్రాంక్ గన్‌స్టన్ 1968లో మోకాలికి అదే దారి పట్టాడు. తొడ ఎముక చివర లోహపు తొడుగు, కింది ఎముక మీద గట్టి ప్లాస్టిక్ పలక: నేటి మోకీళ్లన్నిటికీ వంశమూలం ఆ న్యూయార్క్ కీలే. తర్వాత పద్మభూషణ్ అందుకున్న ఆ రణావతే 2000 అక్టోబరులో ముంబై బ్రీచ్ క్యాండీ ఆసుపత్రిలో ప్రధాని వాజపేయి ఎడమ మోకాలికి, 2001 జూన్‌లో కుడి మోకాలికి ఆపరేషన్ చేశాడు. ప్రధానమంత్రి చేయించుకున్న ఆపరేషన్ కాబట్టి ఆ ఏడాది ఊరూరా దాని గురించి మాట్లాడుకున్నారు.

రెండేళ్ల తర్వాత అదే ప్రధాని ముందుకు మరో రకం కాళ్లు వెళ్లాయి. 2003లో జలసాధన సమితి నాయకుడు దుశ్చర్ల సత్యనారాయణ, మర్రిగూడ మండలం శివన్నగూడేనికి చెందిన అంశల స్వామి అనే ఫ్లోరోసిస్ బాధితుణ్ని ఢిల్లీ తీసుకెళ్లి వాజపేయి బల్ల మీద పడుకోబెట్టాడు. ఎముకలు మెలికలు తిరిగి ఎదుగుదల ఆగిపోయిన ఆ ఒళ్లు చూపించి మంచినీళ్లు అడిగారు. మోకాళ్ల నొప్పి ఏమిటో ఒంటితో తెలిసిన మనిషి ముందే ఆ విన్నపం జరిగింది. ఒకే దశాబ్దంలో మన దేశపు ఎముకల వైద్యం ఎంత దూరం వెళ్లిందో, ఎక్కడిదాకా వెళ్లలేదో ఈ రెండు సంఘటనలూ పక్కపక్కన పెట్టి చూస్తే అర్థమవుతుంది. స్వామికి మోకీలు మార్చినా ప్రయోజనం ఉండేది కాదు, అతనికి కావలసింది పుట్టకముందే తల్లికి అందాల్సిన మంచినీళ్లు. అతని ఊళ్లోనే, అతనంత తీవ్రంగా కాకపోయినా కాళ్లు వంకరపోయి నడుస్తూ పనిచేసుకుంటూ వయసు మళ్లినవాళ్లు ఉన్నారు. సర్జన్ దగ్గరికి వచ్చేది వాళ్లు.

వాళ్లకు పాత పద్ధతిలో ఆపరేషన్ ఎలా ఉంటుందో చూద్దాం. కొత్త కీలు అమర్చాలంటే తొడ ఎముక చివరను, కింది ఎముక పైభాగాన్ని కాలి గీతకు సరిగ్గా అడ్డంగా కోయాలి. ఆపరేషన్ బల్ల మీద తుంటి గుండు కనిపించదు, కండల కింద ఎక్కడో ఉంటుంది. అందుకని సర్జన్ తొడ ఎముకలో మూలిగ ఉండే బోలులోకి పొడుగు కడ్డీ దూర్చి దాన్నే ఆధారం చేసుకుంటాడు. ఎముక బోలుకూ కాలి గీతకూ మధ్య మామూలుగా 5 నుంచి 7 డిగ్రీల తేడా ఉంటుందని లెక్క వేసి కోత అచ్చును ఆ కోణానికి బిగిస్తాడు. తిన్నని ఎముకలో ఈ లెక్క చక్కగా పనిచేస్తుంది. వంగిన తొడ ఎముకలో కడ్డీ వంపు దగ్గర తట్టుకుంటుంది, లేదా పక్కకు ఒరుగుతుంది. ఎముక గతంలో విరిగి వంకరగా అతికినా, ఫ్లోరైడుతో గట్టిపడి బోలు ఇరుకైనా అదే తిప్పలు. ముంబైలో అరుణ్ ముల్లాజీ, ఆయన సహచరులు మన దేశపు రోగుల కాళ్లను కొలిచి, ఈ కోణం మనిషికీ మనిషికీ చాలా మారుతుందని, అందరికీ ఒకే అంకె వాడితే కోత తప్పుతుందని చూపించారు. పుస్తకంలోని 5, 7 అంకెలు ఎక్కువగా పాశ్చాత్య దేశాల కాళ్లను చూసి రాసినవి.

కోత తప్పితే ఏమవుతుంది? 1991లో ఇంగ్లండులో జెఫ్రీ, మోరిస్, డెన్హమ్ అనే ముగ్గురు 115 మోకీళ్లను ఏళ్ల తరబడి గమనించి రాశారు. కాలి గీత మోకాలి మధ్యకు 3 డిగ్రీల లోపల ఉన్నవాటిలో నూటికి 3 వదులయ్యాయి. 3 డిగ్రీలు దాటినవాటిలో నూటికి 24 వదులయ్యాయి. అప్పట్నుంచి ఆ మూడు డిగ్రీలు సర్జన్లకు లక్ష్మణరేఖ అయ్యాయి. చేయి తిరిగిన సర్జన్ కూడా కంటి అంచనాతో, కడ్డీ సాయంతో ప్రతిసారీ ఆ గీత లోపల నిలవలేడు.

ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో ఈ చిక్కును కంప్యూటర్‌తో విప్పారు. 1997 జనవరిలో అక్కడి ఆసుపత్రిలో డొమినిక్ సరగాలియా, ఫ్రెడరిక్ పికార్ కంప్యూటర్ దారి చూపగా మోకీలు మార్చారు. వాళ్లు చేసిన పనిలోని తెలివి నన్ను ఎప్పుడూ ఆకట్టుకుంటుంది, కాబట్టి కొంచెం విడమరిచి చెబుతాను.

తొడ ఎముకలోకి, కింది ఎముకలోకి సన్నని పిన్నులు గుచ్చి వాటికి చిన్న చిన్న గుండ్లున్న పట్టీలు తగిలిస్తారు. కొంచెం దూరంలో పరారుణ కిరణాల కెమెరా నిలబెడతారు. అది ఆ గుండ్లను కనిపెట్టి వాటి స్థానాన్ని మిల్లీమీటరు తేడా లేకుండా లెక్కిస్తుంది. ఇప్పుడు సర్జన్ రోగి కాలు పట్టుకుని మెల్లగా గుండ్రంగా తిప్పుతాడు. తొడ ఎముక పై చివర తుంటి గిన్నెలో కదలకుండా ఉంటుంది గనుక, మోకాలి దగ్గరి పట్టీ గాలిలో ఒక గోళం ఉపరితలం మీదే తిరుగుతుంది. ఆ గోళం కేంద్రం ఏదో కంప్యూటర్ లెక్క కడుతుంది. అదే తుంటి గుండు మధ్య. ఎక్స్-రే లేకుండా, చర్మం కోయకుండా, కండల కింద దాగిన బిందువు దొరికింది! తర్వాత సర్జన్ చీలమండ రెండు పక్కల గుబకలను, మోకాలిలోని గుర్తులను మొనతో ముట్టుకుంటూ పోతాడు. తెర మీద ఆ మనిషి కాలి గీత కనిపిస్తుంది, ఇంకెవరిదీ కాదు. కాలు చాపినప్పుడు ఎన్ని డిగ్రీల వంకర, మడిచినప్పుడు కట్లు ఏ పక్క బిగుతు, ఏ పక్క వదులు అన్నీ అంకెల్లో తెలుస్తాయి. బోలులోకి కడ్డీ దూర్చే అవసరమే ఉండదు. అందుకే వంకర ఎముకలకు ఈ పద్ధతి అంతగా నప్పుతుంది. కోత అచ్చును సవరించి, కోసి, కోసిన చోటు మళ్లీ కొలిచి చూసుకోవచ్చు. ఒకటి రెండు డిగ్రీలు తేడా వస్తే అక్కడికక్కడే దిద్దుకోవచ్చు.

కంప్యూటర్ తనంత తాను ఏమీ కోయదు. గీత ఎక్కడ ఉందో చెబుతుంది, ఎక్కడ ఉండాలో సర్జనే నిర్ణయించాలి. ఆ నిర్ణయం మీదే గత పదిహేనేళ్లుగా పెద్ద చర్చ నడుస్తోంది. 2010లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 398 మోకీళ్లను పదిహేనేళ్ల తర్వాత చూసి, గీత 3 డిగ్రీల లోపల ఉన్నవి బయట ఉన్నవాటికంటే ఎక్కువ కాలం నిలిచాయని చెప్పలేమన్నారు. 2012లో బెల్జియంలో యోహాన్ బెల్లెమన్స్ బృందం ఏ మోకాలి నొప్పీ లేని 250 మంది యువతీయువకుల కాళ్లు కొలిచింది. మగవాళ్లలో నూటికి 32 మందికి, ఆడవాళ్లలో 17 మందికి సహజంగానే 3 డిగ్రీలో అంతకు మించో బయటికి వంగిన కాళ్లున్నాయి. అంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్లందరికీ తిన్నని కాళ్లు ఉండవు. కాలిఫోర్నియాలో స్టీఫెన్ హోవెల్ లాంటివాళ్లు, కాలును పుస్తకపు గీతకు తేవడం కాదు, అరగకముందు ఆ మనిషి మోకాలు ఎలా ఉండేదో అలా తేవాలన్నారు. ఎవరి కాలిని బట్టి వాళ్లకు లక్ష్యం మారాలన్నమాట. సీటీ, ఎంఆర్ఐ చూసి రోగి ఎముకకు సరిగ్గా అతికేలా త్రీడీ ముద్రణతో కోత అచ్చులు చేయడం, రోబో చేయి రంపాన్ని హద్దు దాటకుండా పట్టి ఉంచడం ఈ ఆలోచన తర్వాతి మెట్లు.

ఇవన్నీ కలిపి నా అభిప్రాయం చెప్పాలంటే: కంప్యూటర్ కోతను సరిగ్గా వచ్చేలా చేస్తుందనడంలో సందేహం లేదు. కీలు ఎక్కువ కాలం నిలుస్తుందా అన్నదానికి జవాబు అందరికీ ఒకేలా లేదు. ఆస్ట్రేలియా జాతీయ కీళ్ల రిజిస్ట్రీ లెక్కల ప్రకారం 65 ఏళ్ల లోపువాళ్లలో తొమ్మిదేళ్లకు మళ్లీ ఆపరేషన్ అవసరమైంది కంప్యూటర్ వాడినవాళ్లలో నూటికి 6.3 మందికి, వాడనివాళ్లలో 7.8 మందికి. తేడా ఉంది, పెద్దది కాదు. తిన్నని ఎముకలున్న మనిషికి నేర్పరి సర్జన్ చేతిలో పాత పనిముట్లు చాలు. కాబట్టి ‘కంప్యూటర్ సర్జరీ’ అన్న బోర్డు చూసి ఉన్న పొలం అమ్ముకోనక్కర్లేదు. అయితే వంగిన తొడ ఎముక ఉన్నవాళ్లకు, ఎముక ఎప్పుడో విరిగి వంకరగా అతికినవాళ్లకు, చిన్నప్పుడు ఫ్లోరైడు నీళ్లు తాగి కాళ్లు పక్కకు పోయినవాళ్లకు ఇది విలాసం కాదు. పుస్తకపు అంకె పనిచేయని కాలికి సొంత కొలత తప్ప వేరే దారి లేదు.

ధర సంగతి. 2017 ఆగస్టు 16న కేంద్ర ఔషధ ధరల ప్రాధికార సంస్థ మోకీళ్ల ధరలకు కళ్లెం వేసింది. అంతవరకు సగటున లక్షన్నర రూపాయలకు పైగా ధర ముద్రించి అమ్ముతున్న కోబాల్ట్ క్రోమియం మోకీలుకు పన్నులు కాక 54,720 రూపాయల గరిష్ఠ ధర పెట్టింది. ఇది సామాన్యుడికి జరిగిన నిజమైన మేలు. ఆ కళ్లెం లోహానికీ ప్లాస్టిక్‌కూ మాత్రమే, కొలతకు కాదు. కెమెరా, పిన్నులు, తెర వాడినందుకు వేసే బిల్లుకు ఆ ఉత్తర్వు వర్తించదు. దాంతో ఎవరి కాలికి కొలత ఎక్కువ అవసరమో వాళ్లకు అది అందని పరిస్థితి. నేర్పుకైతే ఇక్కడ కొదవ లేదు. ఇబ్రహీంపట్నం నుంచి పంజాగుట్ట నిమ్స్‌కు పోయే మనిషి వెళ్లేది నిజాం ధర్మనిధి కట్టించిన ఎముకల ఆసుపత్రికే, నిమ్స్ మొదట ఆ పేరుతోనే పుట్టింది. 1980లలో దాన్ని పెద్ద సంస్థగా తీర్చిదిద్దిన కాకర్ల సుబ్బారావు ఎముకల ఎక్స్-రేలు చదవడంలో దేశదేశాల్లో పేరున్న రేడియాలజిస్టు. ఫ్లోరోసిస్ ఒంటి మీద రాసిన రాతను చదవగల నేర్పు ఈ నగరంలో ఎప్పుడూ ఉంది.

నీళ్ల కథ ఒక మంచి మలుపు తిరిగింది. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ ఆవిష్కరించారు, కృష్ణా నీళ్లు ఈ పల్లెలకు నల్లాల్లో వచ్చాయి. తెలంగాణలో 2015లో 967గా ఉన్న ఫ్లోరైడు ప్రభావిత ఆవాసాలు 2020 ఆగస్టు నాటికి లేకుండా పోయాయని కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. ఇప్పుడు పుట్టే పిల్లల కాళ్లు ఆ నీళ్లకు వంగవు. పాత ఎముక మాత్రం పాతదే. నల్లా తిప్పితే అరవై ఏళ్ల మోకాలు తిన్నబడదు.

అందుకే ఈ ప్రాంతం నుంచి మోకాళ్ల ఆపరేషన్‌కు వెళ్లే ప్రతి మనిషికీ, వెంట వెళ్లే కొడుకుకూ కూతురుకూ ఒక మాట చెబుతున్నాను. రోబో గురించి అడిగే ముందు, తుంటి నుంచి చీలమండ దాకా నిలబెట్టి తీసే పొడుగు ఎక్స్-రే తీయమని అడగండి. ఒక్క మోకాలి ఫిల్ము చాలదు, తొడ ఎముకలోని వంపు అందులో కనిపించదు. చిన్నప్పుడు ఏ ఊళ్లో పెరిగారో, ఏ బావి నీళ్లు తాగారో డాక్టరు అడగకపోయినా చెప్పండి. ఆ ఫిల్ములో గీత తిన్నగా ఉంటే మామూలు ఆపరేషన్‌కు నిశ్చింతగా వెళ్లండి. ఎముక వంగి ఉంటే కడ్డీ లేకుండా ఎలా కొలుస్తారో సర్జన్‌ను అడిగి తెలుసుకోండి, జవాబు సరిగ్గా రాకపోతే మరో చోట చూపించుకోండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ కొలిచే యంత్రాన్ని ముందుగా ఎవరికి వాడాలన్న వరస పెడితే, మర్రిగూడ, యాచారం, మంచాల నుంచి వచ్చే వంకర కాళ్లు ఆ వరసలో మొదట ఉండాలి.

(వచ్చే సంచికలో: బాసిపట్లు వేసుకుని అన్నం తినేవాళ్ల మోకాలు. పాశ్చాత్య కీలు ఎన్ని డిగ్రీలు మడతపడుతుంది, మనకు ఎన్ని కావాలి?)